స్పేసర్లు తీసేసిన జిమ్నీ: 40 మిల్లీమీటర్ల లిఫ్ట్, మొదటి నుంచి

బండి అయిదు తలుపుల మారుతి సుజుకి జిమ్నీ. యజమాని వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు కోలారు జిల్లా శ్రీనివాసపుర పక్కన, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్కడ గుట్ట వాలులో వాళ్లకు మామిడి తోట ఉంది. తోటలోకి వెళ్లే దారిలో వానకు మట్టి కొట్టుకుపోయి బండరాళ్లు పైకి తేలాయి. ఒకచోట దారి దిబ్బలా లేచి వెంటనే దిగుతుంది. బండి పొట్ట ప్రతిసారీ అక్కడే రాసుకునేది. ఆ ఇబ్బంది తీరాలనే ఆయన నగరంలోనే ఒక చోట బండిని ఎత్తించాడు. వాళ్లు స్ప్రింగుల కింద 50 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే ఎత్తు దిమ్మలు పెట్టి, కంపెనీవాటికంటే పెద్దవైన 235/75 ఆర్15 టైర్లు ఎక్కించి పంపారు. స్ప్రింగులు పాతవే, షాక్ అబ్జార్బర్లు పాతవే, మిగతా దేన్నీ ముట్టుకోలేదు.

పాత మద్రాసు రోడ్డులో కె.ఆర్.పురం దాటాక ఉన్న మా షెడ్డుకు బండి వచ్చేసరికి ఫిర్యాదులు నాలుగు. గంటకు 70 కిలోమీటర్ల దగ్గర రోడ్డు అతుకు మీద చక్రం పడితే స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా కొట్టుకుంటోంది, వేగం బాగా తగ్గిస్తే తప్ప ఆగడం లేదు. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ముందు నుంచి ఇనుము తగిలిన చప్పుడు వస్తోంది. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) దీపం అప్పుడప్పుడు వెలుగుతోంది. తోటలో ఒకసారి వెనక చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు దాని గిన్నెలోంచి పక్కకు జరిగింది.

"అన్నా, స్టీరింగ్ డ్యాంపరు బరువైనది వేస్తే సరిపోతుందని వాళ్లు చెప్పారు, మీరు వేసిస్తారా?" అని యజమాని అడిగాడు.

వేయనన్నాను. డ్యాంపరు ఊపును మింగుతుంది, అంతే. ఊపు పుట్టే చోటును అది ముట్టుకోదు. దాన్ని కప్పిపెట్టి పంపితే లోపల బేరింగులూ బుష్‌లూ అరుగుతూనే ఉంటాయి, డ్యాంపరు అలసిన రోజు ఊపు ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. ముందు బండిని చదవాలి, మందు ఆ తర్వాత.

విప్పకముందు చూసినవి

బండిని చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచాము. టైరు సైజు ఏదైనా, గాలి ఎంతున్నా ఈ కొలత మారదు కాబట్టి సస్పెన్షన్ ఎత్తు గురించి నమ్మదగ్గది ఇదొక్కటే. నేల నుంచి బంపరు దాకా కొలిచి ఎత్తు చెప్పేవాళ్ల లెక్కలో టైరు వాటా ఎంతో, స్ప్రింగు వాటా ఎంతో తేలదు.

తర్వాత గుండుదారం. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునేదే. చాసిస్ రెండు పక్కల ఒకే రకం బిందువుల నుంచి దారాలు వేలాడదీసి, చక్రం లోపలి అంచు ఎంత దూరంలో ఉందో చూశాము. ముందు ఇరుసు ఒక పక్కకు, వెనక ఇరుసు ఇంకో పక్కకు, రెండూ అయిదారు మిల్లీమీటర్లు జరిగి ఉన్నాయి. స్టీరింగ్ చక్రం కూడా బండి నేరుగా పోతున్నప్పుడు పక్కకు ఒరిగి ఉంది. ఈఎస్‌పీ దీపానికి కారణం అక్కడే దొరికింది. స్టీరింగ్ తిరిగి ఉందని కోణం సెన్సరు చెబుతోంది, బండి మలుపు తిరగడం లేదని మరో సెన్సరు చెబుతోంది. ఆ రెండు మాటలకూ పొంతన కుదరనప్పుడు కంప్యూటర్ దీపం వెలిగిస్తుంది.

జాకీ మీద లేపి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ వైపు కింగ్‌పిన్ (చక్రం ఎడమకూ కుడికీ తిరిగే కీలు) బేరింగులో వదులు తెలిసింది. ముందు ఇరుసు పక్కలకు పోకుండా ఆపే లేటరల్ రాడ్ కొసన ఉండే బుష్, అంటే రబ్బరు తొడుగు, ఒక పక్క చీలి ఉంది. ఆ టైర్లలో ఒకటి బ్యాలెన్స్ తప్పింది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పితే టైరు పక్కగోడ ముందు ఇరుసు ఆర్మ్‌కు రాసుకున్న గుర్తు స్పష్టంగా కనిపించింది.

స్ప్రింగులు ఇంకా ఎక్కువ చెప్పాయి. కింది చుట్ల మీద రంగు పోయి మెరుస్తోంది. చుట్లు ఒకదానికొకటి తగిలితేనే అలా మెరుస్తాయి. స్పేసరు తాను ఆక్రమించిన 50 మిల్లీమీటర్లనూ స్ప్రింగు నొక్కుకునే చోటు నుంచే తీసుకుంటుంది. బంప్ స్టాపర్లు (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలు) పాత చోటే ఉంటే ఇరుసు పాత ఎత్తు దాకా పైకి వెళ్లగలదు, కానీ మధ్యలో ఉన్న స్ప్రింగు అప్పటికి 50 మిల్లీమీటర్లు ఎక్కువ నలిగి ఉంటుంది. రబ్బరు స్టాపరు పని అప్పుడు చుట్ల ఉక్కు చేయాల్సి వస్తుంది, స్ప్రింగు విరగడానికి అంతకంటే దగ్గర దారి లేదు. ఇక కిందికి దిగే వైపు చూస్తే, పాత షాకు నిలబడిన చోటే దాదాపు పూర్తిగా సాగి ఉంది. స్పీడ్ బ్రేకరు దాటాక చక్రం కిందికి దిగబోతే షాకు చివరకొచ్చి ఆగుతోంది. యజమాని విన్న ఇనుప చప్పుడు అదే.

ఎత్తితే ఏవేవి మారతాయి

జిమ్నీకి ముందూ వెనకా గట్టి ఇరుసే. ప్రతి ఇరుసునూ రెండు పొడవాటి ఆర్మ్‌లు ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకుంటాయి, అడ్డంగా ఉన్న లేటరల్ రాడ్ పక్కలకు పోకుండా ఆపుతుంది. బరువు మోసేది కాయిల్ స్ప్రింగు. ఆర్మ్‌లూ రాడ్లూ కంపెనీ నిర్ణయించిన ఒకే ఒక్క ఎత్తులో సరైన కోణంలో ఉంటాయి. చాసిస్‌ను పైకి జరిపామంటే వీటన్నిటి కోణాలూ ఒకేసారి మారతాయి. లిఫ్ట్ అంటే స్ప్రింగు మార్చడమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో స్ప్రింగు ఈ పనిలో అన్నిటికంటే తేలికైన భాగం. పాత ఎత్తును నమ్ముకుని ఉన్న ప్రతి భాగానికీ కొత్త ఎత్తును అలవాటు చేయడమే అసలు పని.

ముందు ఆర్మ్ ఇరుసు నుంచి వెనక్కి వెళ్లి చాసిస్‌కు తగులుకుంటుంది. చాసిస్ లేస్తే ఆర్మ్ వెనక కొస లేస్తుంది, దానితోపాటు ఇరుసు గొట్టం ముందుకు దొర్లుతుంది. చక్రం తిరిగే నిలువు గీత, అంటే కింగ్‌పిన్‌ల గుండా పోయే గీత, కంపెనీలో కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు పేరే కేస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండబట్టే చేతులు వదిలినా చక్రం నేరుగా పోతుంది కదా, ఇక్కడా అంతే. ఇరుసు ముందుకు దొర్లేకొద్దీ ఆ వాలు కరిగిపోతుంది. ఎంత కరుగుతుందో లెక్క తేలికే. ఎత్తిన దూరాన్ని ఆర్మ్ పొడవుతో భాగిస్తే వచ్చేది దొర్లిన కోణం. 700 మిల్లీమీటర్ల ఆర్మ్ మీద 50 మిల్లీమీటర్లు ఎత్తితే 4 డిగ్రీలు, 40 ఎత్తితే 3 డిగ్రీల పైచిలుకు. ఈ బండిని అలైన్‌మెంట్ యంత్రం మీద పెడితే రెండు పక్కలా కేస్టర్ దాదాపు సున్నా చూపించింది. తనంతట తాను నేరుగా నిలవలేని చక్రానికి వదులు బేరింగు, చీలిన బుష్, బ్యాలెన్స్ తప్పిన టైరు తోడైతే రోడ్డు అతుకు ఒక్కటి చాలు, ఊపు మొదలవుతుంది.

లేటరల్ రాడ్ ఒక కొస చాసిస్‌కు, మరో కొస ఇరుసుకు ఉంటుంది. చాసిస్ లేస్తే రాడ్ ఇంకా ఏటవాలు అవుతుంది. పొడవు మారకుండా ఏటవాలు పెరిగితే అడ్డంగా పరుచుకునే దూరం తగ్గాలి. అందుకే చాసిస్ బ్రాకెట్ ఏ పక్కన ఉంటే ఇరుసు ఆ పక్కకు లాగబడుతుంది. స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే డ్రాగ్ లింక్‌కూ ఇదే గతి, అందుకే స్టీరింగ్ చక్రం ఒరిగింది.

ఇక నేల నుంచి ఎత్తు సంగతి. దీన్ని యజమానికి కాగితం మీద గీసి చూపించాను. జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. గట్టి ఇరుసు బండిలో అన్నిటికంటే కిందున్నది డిఫరెన్షియల్ గుండు. అది ఇరుసుతో పాటే ఉంటుంది కాబట్టి ఎంత పెద్ద స్ప్రింగు వేసినా ఒక్క మిల్లీమీటరు లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ వ్యాసం పెరిగినదానిలో సగం. కంపెనీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15ది 733. అంటే ఇరుసు లేచేది 20 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 అయితే 703 మిల్లీమీటర్ల పైచిలుకు, లేచేది 5 మాత్రమే.

అయితే ఆయన ఇబ్బంది డిఫరెన్షియల్ గుండుతో కాదు, దిబ్బ మీద రాసుకునే పొట్టతో. అయిదు తలుపుల జిమ్నీ చక్రాల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. విదేశాల్లో అమ్మే మూడు తలుపులదానికి 2,250. ఆ 340 మిల్లీమీటర్ల పొడవు వల్లే పొట్ట కోణం, అంటే పొట్ట తగలకుండా దాటగల దిబ్బ కోణం, 28 డిగ్రీల నుంచి 24కు తగ్గింది. బండి ముందు, వెనక కోణాలు ఆ తోటకు ఎప్పుడూ సరిపోతూనే ఉన్నాయి. స్ప్రింగులతో 40, టైరుతో 5 మిల్లీమీటర్లు లేపితే పొట్ట కోణం దాదాపు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది, అంటే మూడు తలుపుల బండి దరిదాపుల్లోకి వస్తుంది. తోటకు కావలసింది అంతే. 75 మిల్లీమీటర్ల లిఫ్ట్ ఉందా అని ఆయన అడిగాడు, ఉంది. కానీ కేస్టర్, ఇరుసుకు శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు, గురుత్వ కేంద్రం అన్నీ అంతకంతకూ చెడతాయి. గుట్ట వాలులో అడ్డంగా నడిచే బండికి ఎత్తు పెరగడం అంటే బోర్లాపడే కోణం దగ్గరవడమే. అవసరం తీర్చే అతి తక్కువ ఎత్తే సరైన ఎత్తు అని నేను ఏళ్లుగా వాదిస్తున్నాను, ఇక్కడా అదే వాదించాను. ఆయన వాళ్ల నాన్నగారితో మాట్లాడి ఒప్పుకున్నాడు.

చట్టం

పని మొదలుపెట్టకముందే ఈ మాట చెప్పడం మా షెడ్డులో నియమం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ మూల నిర్దేశాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అనుమతి లేకుండా మార్చిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ వారంటీకీ, ప్రమాదం జరిగితే బీమాకూ చిక్కులు వస్తాయి. ఇవన్నీ తెలుగులోనే రాసి సంతకం తీసుకున్నాము. ఆర్టీవో కార్యాలయంలో అడిగి తేలేదాకా బండి తోటకే పరిమితమని, బెంగళూరు నుంచి ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తీసుకెళ్తానని ఆయన చెప్పాడు. కంపెనీ స్ప్రింగులు, షాకులు, లేటరల్ రాడ్లకు ఏది ఎటు పక్కదో చీటీ కట్టి, డబ్బాలో పెట్టి ఆయనకే ఇచ్చాము. బండిని ఎప్పుడైనా మొదటి స్థితికి తేగలగాలి. అందుకే చాసిస్ మీద కోతా వెల్డింగూ చేయకూడదని ముందే నిర్ణయించుకున్నాము.

స్ప్రింగుల ఎంపిక

మార్కెట్‌లో ఒకే 40 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కు తేలిక, మధ్యమ, బరువు అని రకరకాల స్ప్రింగులు దొరుకుతాయి. ఇనుప బంపరు, వించి (చిక్కుకున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించే బండి కోసం చేసిన స్ప్రింగును ఖాళీ బండికి వేస్తే 40కి బదులు ఇంకా పైకి లేస్తుంది, రాళ్ల మీద చక్రం నేలను అంటుకోకుండా ఎగురుతుంది. ఈ బండికి ముందు కంపెనీ ప్లాస్టిక్ బంపరే. వెనక మాత్రం కాపు రోజుల్లో మామిడి బుట్టలూ మనుషులూ ఎక్కుతారు. అందుకని ముందు తేలిక రకం, వెనక మధ్యమ రకం తీసుకున్నాము. వాటికి జతగా పొడవైన షాకులు, ముందు ఆర్మ్‌లకు కేస్టర్ సరిచేసే పక్క రంధ్రపు బుష్‌లు, పొడవు సర్దగలిగే లేటరల్ రాడ్లు ముందుకొకటి వెనకకొకటి, బంప్ స్టాపర్ల కింద పెట్టే 30 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు ముక్కలు, బ్రేక్ హోస్ బ్రాకెట్లను కిందికి దించే పట్టీలు. టైర్లు 215/75 ఆర్15కు తగ్గించాము. పక్కగోడ రాసుకోవడం దానితోనే పోయింది.

స్ప్రింగులు లేకుండా ఆడించడం

చాలా చోట్ల ఈ అంచెను వదిలేస్తారు. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెడతాను. బండిని చాసిస్ కింద స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, స్ప్రింగులు తీసేసి, కొత్త షాకులను ఒక్క బోల్టుతో తగిలించి, ఇరుసును జాకీతో పైకీ కిందికీ మెల్లగా ఆడించాలి. స్ప్రింగు అడ్డం లేదు కాబట్టి ఇరుసు తన మొత్తం దారి తిరిగి చూపిస్తుంది.

పైకి పోయేటప్పుడు ఒకటే ప్రశ్న: ముందు ఆగేది బంప్ స్టాపరా, షాకా? కొత్త షాకు పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు పాతదానికంటే 20 మిల్లీమీటర్లు ఎక్కువ. స్టాపరు పాత ఎత్తులోనే ఉంటే షాకు లోపల పిస్టన్ అడుగుకు గుద్దుకుంటుంది. పైన చెప్పిన 30 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అందుకే. దానితో స్టాపరు తగిలాక కూడా షాకులో 10 మిల్లీమీటర్లు మిగిలాయి. బండి 40 లేచి స్టాపరు 30 దిగింది కాబట్టి నిలబడిన చోటు నుంచి పైకి పోయే దూరం మొదటికంటే 10 పెరిగిందే తప్ప తగ్గలేదు. స్ప్రింగు చుట్లు కూడా ఆ ఎత్తులో ఒకదానికొకటి తగలడం లేదని, స్ప్రింగు పెట్టాక మళ్లీ ఒకసారి ఆడించి చూసుకున్నాము.

కిందికి దిగేటప్పుడు ప్రశ్న మారుతుంది: ముందు బిగుసుకునేది ఏది? బిగుసుకోవలసింది షాకు మాత్రమే. ఈ బండిలో ముందు కుడి బ్రేక్ హోస్ షాకుకంటే ముందే బిగుసుకుంది. ఆ హోస్ మీద ఇరుసు బరువు వేలాడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పట్టీతో బ్రాకెట్‌ను 40 మిల్లీమీటర్లు దించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోస్ టైరుకూ స్ప్రింగుకూ తగలడం లేదని చూశాము. ఏబీఎస్ సెన్సరు తీగ క్లిప్పు ఒకటి విడిపించి కాస్త వదులు ఇచ్చాము. డిఫరెన్షియల్ గాలి గొట్టం కూడా ఈ దశలోనే చూడాలి. అది ఊడిపోయి ఎవరూ గమనించకపోతే వాగు దాటిన రోజు నూనెలోకి నీళ్లు వెళతాయి. తర్వాత ఒక చక్రం పూర్తిగా పైకి, రెండోది పూర్తిగా కిందికి పెట్టి ఇదంతా మళ్లీ చూశాము. రాళ్ల దారిలో ఇరుసు సమంగా లేచి దిగడం అరుదు, ఏటవాలుగా వంగడమే ఎక్కువ.

బిగింపు

ఆర్మ్‌లు విప్పి, ఇరుసు వైపు బుష్‌లను మహదేవపుర పారిశ్రామిక వాడలోని లేతు షాపులో ప్రెస్సు మీద తీయించి కొత్తవి ఎక్కించాము. సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆర్మ్ కన్ను సాగిపోతుంది. పక్క రంధ్రపు బుష్‌లో రంధ్రం ఏ వైపు ఉండాలో తీయకముందే ఆర్మ్ మీద సున్నంతో గుర్తు పెట్టాము. రెండు ఆర్మ్‌లలోనూ ఒకే దిక్కుకు లేకపోతే ఇరుసు మెలిపడుతుంది. ఎడమ కింగ్‌పిన్ బేరింగులు మార్చి, స్ప్రింగు త్రాసుతో నకిల్‌ను (కింగ్‌పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగాన్ని) లాగి అది ఎంత బలానికి కదులుతోందో చూసి బిగువు సరిచేశాము. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు, ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ తిరిగి రాదు, తక్కువైతే మళ్లీ ఊపు.

ఒక మాట నొక్కి చెప్పాలి. ఆర్మ్‌ల బోల్టులూ లేటరల్ రాడ్ బోల్టులూ బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. ఈ బుష్‌ల రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే తన సహజ స్థితి. బండిని దించగానే అది మెలిపడి, ఆ మెలికలోనే జీవితమంతా గడుపుతుంది, కొన్నాళ్లకే చీలుతుంది. ఈ బండిలో చీలిన పాత బుష్‌కు కారణం ఇదేనని నా నమ్మకం. మేము అన్నీ చేత్తో పట్టేంత వరకే బిగించి, బండిని చక్రాల మీదికి దించి, ముందుకూ వెనక్కూ దొర్లించి, బంపరు మీద నొక్కి ఊపి, అప్పుడు కిందికి పడుకుని టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బలానికి బిగించాము.

లేటరల్ రాడ్లను గుండుదారం చూసుకుంటూ సర్ది రెండు ఇరుసులనూ మధ్యకు తెచ్చాము. ఆ తర్వాతే డ్రాగ్ లింక్ సర్ది స్టీరింగ్ చక్రాన్ని నేరుగా నిలిపాము. ఈ వరస తిరగబడితే చేసిన పనే మళ్లీ చేయాలి, ఎందుకంటే ఇరుసు పక్కకు జరిగిన ప్రతిసారీ స్టీరింగ్ కూడా కదులుతుంది.

అలైన్‌మెంట్ యంత్రం మీద కేస్టర్ రెండు పక్కలా కంపెనీ పరిధిలోకి వచ్చింది, అయితే పరిధి కింది అంచుకు దగ్గరగా. ఇంకా వెనక్కి వాల్చే బుష్‌లు దొరుకుతాయి, నేను కావాలనే ఆగాను. గట్టి ఇరుసులో కేస్టర్‌నూ డిఫరెన్షియల్ మూతినీ విడదీయలేము. కింగ్‌పిన్ గీతను వెనక్కి వాల్చేకొద్దీ డిఫరెన్షియల్ మూతి కిందికి దిగి, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె) నుంచి వచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో దాని కోణం పెరుగుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్‌లో వణుకు మొదలవుతుంది. రెండింటికీ మధ్యలో సర్దుకునే చోటు చిన్నది. 40 మిల్లీమీటర్ల దగ్గర ఆ చోటు ఉంది, 75 దగ్గర ఉండదు. నేను ఎత్తు తగ్గించమని పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం.

చివరగా స్కానర్ పెట్టి స్టీరింగ్ కోణం సెన్సరును కొత్త సున్నాకు సర్దాము, దీపం ఆరింది. హెడ్‌లైట్ల వాలు గోడ మీద గీత పెట్టి దించాము. ఎత్తిన బండి వెలుతురు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, ఈ ఒక్క పని వదిలేసే షెడ్లంటే నాకు కోపం.

పరీక్ష

హొసకోటె వైపు, ఇంకా ఇళ్లు కట్టని ఒక ప్రైవేటు లేఅవుట్‌లో, యజమానుల అనుమతితో పొడవైన తారు రోడ్డు మీద నడిపాము. మెల్లగా మొదలుపెట్టి ఊపు వచ్చిన వేగం దాకా, ఆ పైన కొంత. రోడ్డు అతుకు మీద కావాలనే ఒక చక్రాన్ని పోనిచ్చాను. స్టీరింగ్ ఒక్కసారి కదిలి నిలిచింది. బ్రేకు గట్టిగా నొక్కినా నేరుగా ఆగింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ హైలో వణుకు లేదు. మలుపుల్లో మాత్రం బండి మొదటికంటే కొంచెం ఎక్కువ ఒరుగుతోంది. ఎత్తు పెరిగిన బండికి అది తప్పదు. ఆ సంగతి బండి నడిపే ముగ్గురికీ, అంటే ఆయనకూ నాన్నగారికీ తోటలోని డ్రైవరుకూ, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను.

తోటలో దిబ్బ మీదికి మొదట నాన్నగారే ఎక్కించారు. పొట్ట తగలలేదు. దిగేటప్పుడు ఒక వెనక చక్రం గాల్లోకి వేలాడింది, స్ప్రింగు గిన్నెలోనే ఉంది. "ఇంకొంచెం ఎత్తినా బాగుండేదేమో" అన్నారాయన. "అడ్డవాలులో ఆ మామిడి చెట్ల వరస పక్కన ఒకసారి నడపండి, సార్, తర్వాత చెప్పండి" అన్నాను. నడిపారు. ఆ తర్వాత ఎత్తు మాట ఎత్తలేదు.

కొన్ని వారాలు తోటలో తిరిగాక బండి మళ్లీ షెడ్డుకు వచ్చింది. కొత్త స్ప్రింగులు స్థిరపడి ముందు 4, వెనక 5 మిల్లీమీటర్లు కుంగాయి, మేము అనుకున్నంతే. అన్ని బోల్టులనూ మళ్లీ టార్క్ రెంచితో చూశాము. వెనక లేటరల్ రాడ్ లాక్‌నట్ ఒకటి కాస్త వదులైంది, బిగించి రంగు గీత పెట్టాము, ఇకపై అది తిరిగితే కంటికే తెలుస్తుంది. కేస్టర్ మారలేదు. ముందు కుడి బ్రేక్ హోస్ మీద రాపిడి గుర్తులు లేవు. స్ప్రింగు చుట్ల మీద రంగు చెక్కుచెదరలేదు.

ఇప్పుడాయన ముందు ఇనుప బంపరు, వించి అడుగుతున్నాడు. వించి కొనకముందు బంపరుతో కలిపి దాని బరువు తూయించి చెప్పమన్నాను. ఆ అంకెను బట్టి ముందు స్ప్రింగులు ఉంచాలా మార్చాలా తేలుతుంది. మార్చాల్సి వస్తే ముందు ఎత్తు, కేస్టర్, హెడ్‌లైట్లు మూడూ మళ్లీ మొదటి నుంచి కొలవాలి. అనుమతి కోసం ఆర్టీవోకు వెళ్లినప్పుడు ఆ మార్పును కూడా కలిపే అడగమని చెప్పాను.